స్టెంటు వేశాక మొదలయ్యే చికిత్స

గుండెపోటుతో ఆస్పత్రిలో చేరిన మనిషిని చూడవచ్చిన బంధువులు ముందుగా అడిగేది ఎన్ని బ్లాకులున్నాయి, ఎన్ని స్టెంట్లు వేశారు అని. స్టెంటు పడిందని తెలియగానే గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ ఊరటలో తప్పేమీ లేదు, నిజంగానే ఒక గండం గడిచింది. కానీ ఆ మనిషి అయిదేళ్లకో పదేళ్లకో ఎలా ఉంటాడన్నది స్టెంటు వేసే క్యాత్ ల్యాబ్‌లో గడిచిన ఆ గంట మీద ఎంత ఆధారపడుతుందో, ఆ తర్వాతి ఏళ్లలో అతని ఇంట్లోనూ, ఊళ్లోని మందుల షాపులోనూ, దగ్గరి ఆస్పత్రిలోనూ జరిగేదాని మీద కూడా అంతే ఆధారపడుతుంది. మన దేశంలో మొదటి గంట మీద పెరిగిన శ్రద్ధ ఆ తర్వాతి ఏళ్ల మీద ఇంకా పెరగలేదన్నది ఈ వ్యాసం చెప్పదలచిన విషయం.

గుండెపోటు నుంచి బతికి బయటపడినవారికి ముప్పు ఎంతకాలం ఉంటుందన్న ప్రశ్నకు స్వీడన్ దేశపు జాతీయ నమోదులు స్పష్టమైన జవాబు ఇస్తాయి. 2006 నుంచి 2011 వరకు గుండెపోటుతో చేరి ప్రాణాలతో ఇంటికి వెళ్లిన 97,254 మందిని అక్కడి పరిశోధకులు వెంట ఉండి గమనించారు. మొదటి ఏడాదిలో 18.3 శాతం మందికి మళ్లీ గుండెపోటో, పక్షవాతమో, గుండె లేదా రక్తనాళాల జబ్బుతో మరణమో సంభవించింది. ఆ ఏడాదిని ఏ ఇబ్బందీ లేకుండా దాటినవారిలో సైతం తర్వాతి మూడేళ్లలో 20 శాతం మంది ఇదే ముప్పు బారిన పడ్డారు. ఏడాది క్షేమంగా గడిచిందని, ఇక మామూలు మనిషినయ్యానని అనుకున్న అయిదుగురిలో ఒకరు ఆ మాట తప్పని తెలుసుకోవలసి వచ్చింది. వైద్యసేవలు అందరికీ అందే ఒక సంపన్న దేశంలోని లెక్క ఇది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే గుండెపోటు వెనుక ఉన్న రెండు వేర్వేరు సంగతులను విడదీసి చూడాలి. మొదటిది రక్తనాళాల జబ్బు. గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనుల గోడల్లో కొవ్వు, వాపు కలిసి ఏళ్ల తరబడి పూడికగా పేరుకుంటాయి. అలాంటి పూడికల్లో ఒకటి చిట్లి, దాని మీద రక్తం గడ్డ కట్టి, దారి మూసుకుపోయినప్పుడు గుండెపోటు వస్తుంది. స్టెంటు ఆ ఒక్క చోట దారి తెరుస్తుంది. మిగతా నాళాల్లోని పూడికలు అక్కడే ఉంటాయి. వాటిలో కొన్ని యాంజియోగ్రామ్‌లో సన్నటి నొక్కులుగా మాత్రమే కనిపిస్తాయి, అసలు కనిపించనివీ ఉంటాయి. రేపు చిట్లేది వాటిలో ఏదైనా కావచ్చు. రెండోది గుండె కండరానికి జరిగిన నష్టం. రక్తం అందక చచ్చిపోయిన కండరం తిరిగి పుట్టదు, దాని స్థానంలో మచ్చ ఏర్పడుతుంది. మచ్చ పెద్దదైతే మిగిలిన కండరంపై భారం పడి, ఒంటికి రక్తాన్ని పంపే గుండె గది అయిన ఎడమ జఠరిక నెమ్మదిగా సాగి, ఆకారం మారి, బలహీనపడుతుంది. కొందరిలో ఇది నెలల పాటు, ఏళ్ల పాటు సాగే మార్పు. ఇంటికి వెళ్లేనాడు ఆయాసం లేని మనిషి రెండేళ్ల తర్వాత మెట్లెక్కలేకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

అందుకే గుండెపోటు తర్వాత ఎకో పరీక్షలో తేలే ‘పంపింగ్’ శాతానికి అంత ప్రాధాన్యం. ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ఒక్కో కొట్టుకోలుకు ఎంత శాతం బయటికి వెళుతుందో ఇది చెబుతుంది. వైద్యులు ఇజెక్షన్ ఫ్రాక్షన్ అనే ఈ సంఖ్య మామూలుగా 55 కంటే పైన ఉంటుంది. అది 40కి, అంతకంటే కిందికి పడిపోయినవారికి ప్రత్యేకమైన మందులున్నాయి. 1992లో వెలువడిన ‘సేవ్’ అధ్యయనంలో ఇలాంటి 2,231 మందిలో సగం మందికి కాప్టోప్రిల్, మిగతావారికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి సగటున మూడున్నరేళ్లు చూశారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 25 శాతం మంది, కాప్టోప్రిల్ వేసుకున్నవారిలో 20 శాతం మంది చనిపోయారు. జఠరిక సాగిపోవడాన్ని మందుతో నెమ్మదింపజేయవచ్చని దీంతో రుజువైంది. ఇవాళ ఎక్కువగా రాసే రామిప్రిల్ ఆ కుటుంబానిదే. పంపింగ్ తగ్గి, దానితోపాటు గుండె వైఫల్య లక్షణాలో మధుమేహమో ఉన్నవారిపై ఎప్లెరెనోన్ అనే మరో మందును పరీక్షించిన 2003 నాటి అధ్యయనంలోనూ మరణాలు 16.7 శాతం నుంచి 14.4 శాతానికి తగ్గాయి. చేతికందిన ప్రిస్క్రిప్షన్‌లో ఇవి బీపీ మాత్రల్లా కనిపిస్తాయి. బీపీ మామూలుగానే ఉంది కదా అని ఇంటి దగ్గర మానేసేది కూడా ముందుగా వీటినే. బీపీ కోసం కాక గుండె ఆకారం చెడకుండా వీటిని రాశామని రోగికి ఒక్క మాట చెబితే చాలా ఇళ్లలో ఈ పొరపాటు జరగదు.

పంపింగ్ బాగా తగ్గినవారిలో మరో ప్రమాదం హఠాన్మరణం. మచ్చ చుట్టూ విద్యుత్ ప్రవాహం దారి తప్పి గుండె లయ ఒక్కసారిగా చెదిరిపోతుంది. పంపింగ్ 30 శాతం, అంతకు తక్కువ ఉన్న 1,232 మందిపై జరిగి 2002లో వెలువడిన అధ్యయనంలో, ఛాతీలో అమర్చే షాక్ పరికరం మరణాలను 19.8 శాతం నుంచి 14.2 శాతానికి తగ్గించింది. అయితే అదే పరికరాన్ని గుండెపోటు వచ్చిన తొలి 40 రోజుల్లోనే అమర్చి చూసిన మరో అధ్యయనంలో మొత్తం మరణాలు తగ్గలేదు. అందుచేత మందులు వాడుతూ కనీసం 40 రోజులు ఆగి, మళ్లీ ఎకో తీసి, అప్పటికీ పంపింగ్ మెరుగుపడకపోతేనే ఈ పరికరం గురించి ఆలోచించడం పద్ధతి అయింది. ఆ రెండో ఎకో తీయించుకోవడానికి రోగి తిరిగి రాకపోతే ఈ నిర్ణయానికి ఆస్కారమే ఉండదు.

రక్తం గడ్డకట్టకుండా వాడే మందుల చరిత్ర ఈ చికిత్స మొత్తంలో స్ఫూర్తినిచ్చే భాగం. 1988లో వెలువడిన ఐసిస్-2 అధ్యయనంలో 17,187 మంది పాల్గొన్నారు. నెల రోజులు ఆస్పిరిన్ వేసుకున్నవారిలో అయిదు వారాల లోపు గుండె, రక్తనాళాల జబ్బుతో మరణించినవారు 23 శాతం తగ్గారు. కొన్ని పైసలకు దొరికే మాత్ర అది. తర్వాత 2001లో క్లోపిడోగ్రెల్‌ను ఆస్పిరిన్‌తో కలిపి వాడితే మరింత మేలని, 2009లో టికాగ్రెలోర్ అంతకంటే మెరుగని తేలింది. స్టెంటు వేశాక సాధారణంగా ఏడాది పాటు రెండు మందులు కలిపి, ఆ తర్వాత ఒకటి జీవితాంతం వాడడం ఇలాగే స్థిరపడింది. ఏడాది దాటాక రెండూ కొనసాగించాలా అన్న ప్రశ్నను 21 వేల మందికి పైగా పాల్గొన్న పెగాసస్ అధ్యయనం 2015లో పరిశీలించింది. తక్కువ మోతాదు టికాగ్రెలోర్ కొనసాగించినవారిలో మూడేళ్లకు మళ్లీ గుండెపోటు, పక్షవాతం, గుండె మరణం కలిపి 9.04 శాతం నుంచి 7.77 శాతానికి తగ్గాయి. కానీ పెద్ద రక్తస్రావాలు 1.06 శాతం నుంచి 2.30 శాతానికి పెరిగాయి. లాభం, నష్టం రెండూ చిన్నవే, రెండూ నిజమైనవే. కడుపులో పుండ్లున్న మనిషికి ఒక జవాబు, మూడు నాళాల్లోనూ పూడికలున్న మధుమేహ రోగికి మరో జవాబు ఉంటుంది. ఈ లెక్క వైద్యుడే చూడాలి.

వైద్యుణ్ని అడగకుండా తీసుకునే నిర్ణయాలు అసలు ప్రమాదం. పన్ను పీకించుకోవాలని రక్తం పలచబడే మాత్రలు రెండూ వారం రోజుల ముందే ఆపేయడం మన ఊళ్లలో తరచూ జరుగుతుంది. స్టెంటు వేసిన తొలి నెలల్లో ఇలా ఆపితే స్టెంటులోనే గడ్డ కట్టవచ్చు, అలా గడ్డ కట్టినవారిలో మరణాలు చాలా ఎక్కువ. పన్ను దగ్గర కారే రక్తాన్ని దంతవైద్యులు అక్కడికక్కడే అదుపు చేయగలరు. మరో సంగతి మరీ తక్కువగా మాట్లాడుకునేది, ఒళ్లు నొప్పులకు, మోకాళ్ల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ వంటి మందులు. డెన్మార్క్‌లో గుండెపోటు వచ్చిన 83 వేల మందికి పైగా రోగుల నమోదులను పరిశీలించి 2011లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఈ రకం నొప్పి మందులు కొద్ది రోజులు వాడినా మరణం, మళ్లీ గుండెపోటు వచ్చే ముప్పు పెరుగుతుంది. డైక్లోఫెనాక్ విషయంలో అది మొదటి వారం నుంచే కనిపించింది. చీటీ లేకుండానే ఈ మాత్ర దొరికే చోట, ఆర్‌ఎంపీ దగ్గర ఒక్క సూది వేయించుకుంటే నొప్పి పోతుందని నమ్మే చోట, గుండెపోటు వచ్చిన ప్రతి రోగికీ ఇంటికి పంపేటప్పుడే ఈ హెచ్చరిక రాసి ఇవ్వాలి. నొప్పికి పారాసెటమాల్ చాలావరకు సరిపోతుంది.

స్టాటిన్లనే కొలెస్ట్రాల్ మందుల మీద ఉన్నంత అపనమ్మకం ఇంకే మందు మీదా లేదు. ఆ అపనమ్మకానికి ఆధారం చూపడం కష్టం, ఆ మందుల మేలుకు మాత్రం బలమైన ఆధారాలున్నాయి. 1994లో స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది గుండె రోగులపై ముగిసిన సింవాస్టాటిన్ అధ్యయనంలో అయిదేళ్లకు పైగా చూస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 256 మంది, మందు వేసుకున్నవారిలో 182 మంది చనిపోయారు. తర్వాత వచ్చిన పరిశోధనలు చాలావరకు ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ ఎంత తగ్గితే ముప్పు అంత తగ్గుతుందనే చెప్పాయి. అందుకే గుండెపోటు వచ్చినవారికి ఎల్‌డీఎల్‌ను 55 కంటే కిందికి తేవాలని యూరప్ మార్గదర్శకాలు చెబుతుండగా, భారతీయ లిపిడ్ సంఘం 50 కంటే కిందికి తేవాలంటుంది. ల్యాబ్ కాగితం మీద నార్మల్ అని అచ్చయ్యే 100 ఆరోగ్యవంతుల కోసం వేసిన గీత. గుండెపోటు వచ్చిన మనిషికి ఆ గీత వర్తించదు. రిపోర్టులో నార్మల్ అని ఉంది కదా అని మాత్ర మానేసేవారు ఆ నార్మల్‌ను తెచ్చింది ఆ మాత్రే అని గమనించరు. స్టాటిన్ వల్ల ఒళ్లు నొప్పులని మానేసిన 60 మందితో ఇంగ్లండ్‌లో ఒక పరీక్ష చేశారు. ఏ నెల మందు, ఏ నెల ఉత్తుత్తి మాత్ర, ఏ నెల ఏ మాత్రా లేదో మారుస్తూ ఏడాది పాటు వారి బాధలను నమోదు చేశారు. మందు నెలల్లో కలిగిన ఇబ్బందిలో 90 శాతం ఉత్తుత్తి మాత్ర వేసుకున్న నెలల్లోనూ కలిగింది. బాధ నిజమే, దానికి కారణం మాత్రం చాలావరకు ఆ మందు కాదని 2020లో వెలువడిన ఈ ఫలితం చెబుతుంది. నిజంగా మందు పడనివారు కొందరుంటారు, వారికి ఎజెటిమైబ్ వంటి ప్రత్యామ్నాయాలున్నాయి.

గుండెపోటు తర్వాత వాడే మందుల్లో ఇవాళ నిజమైన చర్చ నడుస్తున్నది గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ల మీద. స్టెంట్లు, స్టాటిన్లు రాకముందు, 1980లలో జరిగిన అధ్యయనాలు వీటిని గుండెపోటు వచ్చిన అందరికీ తప్పనిసరి చేశాయి. పంపింగ్ తగ్గినవారికి వీటి మేలుపై ఇప్పటికీ సందేహం లేదు. పంపింగ్ బాగున్నవారి సంగతే తేలవలసి ఉంది. 2024లో స్వీడన్ ప్రధానంగా నడిపిన రెడ్యూస్-ఏఎంఐ అధ్యయనంలో అలాంటి 5,020 మందికి వీటివల్ల మరణం, మళ్లీ గుండెపోటు చెప్పుకోదగినంత తగ్గలేదు. 2025లో స్పెయిన్, ఇటలీల నుంచి వచ్చిన అధ్యయనమూ అదే చెప్పగా, డెన్మార్క్, నార్వేల నుంచి అదే సమయంలో వచ్చిన మరొకటి కొంత మేలు కనబడిందని చెప్పింది. అదీగాక, ఏళ్లుగా వాడుతున్నవారు మానేస్తే ఏమవుతుందో చూసిన ఫ్రాన్స్ అధ్యయనం మానడం సురక్షితమని రుజువు చేయలేకపోయింది. కాబట్టి పత్రికలో చదివి ఎవరికి వారు ఆపే మందు కాదిది.

ఇంత ఆధారం చేతిలో ఉన్నప్పుడు మన దేశపు రోగికి అందుతున్నదెంత? 2008లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన క్రియేట్ నమోదులో భారత్‌లోని 50 నగరాల్లో 89 ఆస్పత్రులకు వచ్చిన 20,468 మంది వివరాలున్నాయి. ఆస్పత్రికి చేరడానికి పట్టిన మధ్యస్థ సమయం ఆరు గంటలు. వారిలో పేదల్లో నెల లోపు మరణాలు 8.2 శాతం, సంపన్నుల్లో 5.5 శాతం. ఈ తేడా పేదల జబ్బు తీవ్రత వల్లో, ఇతర అలవాట్ల వల్లో వచ్చిందా అని లెక్క కట్టి చూస్తే అలా కాదని తేలింది. అందిన చికిత్సల తేడాను లెక్కలోకి తీసుకోగానే మరణాల తేడా మాయమైంది. పేదవాడి గుండె వేరు కాదు, అతనికి అందిన మందులు వేరు. ఇది వైద్యశాస్త్రపు పరిమితి వల్ల జరిగిన మరణాల లెక్క కాదు కనుకనే మనసును ఎక్కువగా కలచివేస్తుంది.

ఆస్పత్రి దాటాక పరిస్థితి ఇంకా అధ్వానం. హృద్రోగ పరిశోధకుడు సలీం యూసుఫ్ నాయకత్వంలో 17 దేశాల్లో జరిగిన ప్యూర్ అధ్యయనం, గుండెపోటో పక్షవాతమో వచ్చినవారు వాస్తవంగా ఏ మందులు వేసుకుంటున్నారో ఇళ్లకు వెళ్లి అడిగింది. 2011 నాటి ఆ ఫలితాల్లో, అల్పాదాయ దేశాల్లో 80.2 శాతం మంది ఆస్పిరిన్ వంటి మందుగానీ, బీపీ మందుగానీ, స్టాటిన్ గానీ ఏదీ వాడడం లేదు. స్టాటిన్ వాడేవారు 3.3 శాతమే. అప్పటి వర్గీకరణలో భారత్ ఆ జాబితాలోనే ఉంది. ఆ తర్వాత పరిస్థితి కొంత మారి ఉంటుంది, మందుల ధరలూ తగ్గాయి. అయినా ఆ అంతరం ఎంత పెద్దదంటే కొద్దిపాటి మెరుగుదలతో పూడేది కాదు.

నాలుగైదు రకాల మాత్రలను రోజూ వేసుకోవడమే అడ్డంకి అయితే అన్నింటినీ ఒకే మాత్రగా చేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచనకు హైదరాబాద్‌తో సంబంధముంది. ఆస్పిరిన్, సింవాస్టాటిన్, రెండు బీపీ మందులు కలిపి డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ తయారు చేసిన మాత్రతో భారత్, యూరప్‌లలో 2,004 మందిపై అంపైర్ అధ్యయనం జరిగింది. ముగింపు నాటికి ఒకే మాత్ర వేసుకునేవారిలో 86 శాతం మంది, విడివిడిగా వేసుకునేవారిలో 65 శాతం మంది మందులు క్రమంగా వాడుతున్నారు. దీనివల్ల ప్రాణాలు నిలుస్తాయా అన్నదానికి జవాబు 2022లో స్పెయిన్ నేతృత్వంలోని సెక్యూర్ అధ్యయనం నుంచి వచ్చింది. గుండెపోటు వచ్చిన ఆరు నెలల లోపు ఇలాంటి మాత్ర మొదలుపెట్టినవారిలో గుండె మరణాలు, మళ్లీ గుండెపోట్లు తదితర ఘటనలు 12.7 శాతం నుంచి 9.5 శాతానికి తగ్గాయి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇటువంటి మిశ్రమ మాత్రలను అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. ఇందులో కొత్త మందేదీ లేదు, పాత మందులే రోగి నోటిదాకా చేరాయి, అంతే.

మందులకు వెలుపల ఉన్నవాటిలో పొగాకు మానడాన్ని మించింది లేదు. గుండె జబ్బు వచ్చాక పొగ మానినవారిలో, మాననివారితో పోలిస్తే, మరణాలు 36 శాతం తక్కువని 20 అధ్యయనాలను కలిపి చూసిన 2003 నాటి సమీక్ష చెబుతుంది. ఇది ఏ ఒక్క మాత్ర ఇచ్చే మేలుకూ తీసిపోదు. ఆడవాళ్లను ఈ ప్రశ్న అడగడం చాలామంది వైద్యులకు తట్టదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్ద వయసు స్త్రీలు చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం ఎరిగినవారు మాత్రం తప్పక అడుగుతారు. ఆహారం విషయంలో నూనె గురించి అందరూ హెచ్చరిస్తారు గానీ, పంపింగ్ తగ్గిన రోగికి ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాల్లోని ఉప్పు అంతకంటే తొందరగా ఆయాసం తెస్తుంది. గుండెపోటు వచ్చినవారిలో దాదాపు అయిదుగురిలో ఒకరిని కుంగుబాటు పట్టుకుంటుంది. మందులు మానేయడానికి, కదలకుండా కూర్చుండిపోవడానికి అది ఒక కారణమైనా ఎవరూ అడగరు, రోగీ చెప్పడు.

వ్యాయామంతో కూడిన పునరావాస శిక్షణ పాశ్చాత్య దేశాల్లో చికిత్సలో భాగం. మన దగ్గర పెద్ద నగరాల్లోనే అరుదుగా దొరుకుతుంది. తక్కువ ఖర్చుతో యోగా ఆధారంగా అలాంటి శిక్షణ ఇవ్వగలమా అని దేశంలోని 24 ఆస్పత్రుల్లో 3,959 మందితో యోగా-కేర్ అధ్యయనం జరిగింది. మరణం, మళ్లీ గుండెపోటు వంటి ఘటనలు యోగా శిక్షణ పొందినవారిలో 6.7 శాతం, మిగతావారిలో 7.4 శాతం. ఈ తేడా కాకతాళీయం కాదని చెప్పడానికి చాలదు. కానీ శిక్షణ పొందినవారు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందని చెప్పారు, మునుపటి పనుల్లోకి ఎక్కువగా తిరిగి వెళ్లారు. గుండెపోటు వచ్చిన మనిషి ఇక బరువు పని చేయకూడదని ఇంట్లో కూర్చోబెట్టే సమాజంలో ఈ ఫలితం చిన్నదేమీ కాదు. పొలం పని మీదో, ఆటో మీదో బతికే యాభై ఏళ్ల మనిషికి తిరిగి పనిలోకి వెళ్లడమే కోలుకోవడం.

తెలుగు రాష్ట్రాల్లో గుండెపోటు చికిత్స గత రెండు దశాబ్దాల్లో చాలా దూరం వచ్చింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ స్టెంట్లను, బైపాస్‌ను పేదలకు అందుబాటులోకి తెచ్చింది. 2017లో కేంద్రం మందు పూత ఉన్న స్టెంటు ధరకు సుమారు 30 వేల రూపాయల గరిష్ఠ పరిమితి విధించింది. గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను ప్రభుత్వాస్పత్రుల్లో ఉచితంగా ఇచ్చే ఏర్పాట్లు విస్తరించాయి. ఇవన్నీ ఆ తొలి గంటలకు సంబంధించినవి, వీటిని సాధించినవారి కృషి గొప్పది. తదుపరి చికిత్సకు ఆరోగ్యశ్రీలో కొన్ని ప్యాకేజీలున్నా అవి ఏడాది గడువుకే పరిమితం, స్వీడన్ లెక్కలు చూపిన ముప్పేమో ఆ ఏడాది దాటాకా కొనసాగుతుంది. ఆ తర్వాత నెలనెలా మందుల ఖర్చు, వంద కిలోమీటర్ల ప్రయాణం, కూలీ పోయిన రోజు అన్నీ రోగివే. ఒంట్లో ఏ బాధా లేనప్పుడు ఆ ఖర్చును తగ్గించుకోవాలనిపించడం సహజం, దాన్ని నిర్లక్ష్యమని తీసిపారేయడం అన్యాయం.

దీనికి నమూనా కోసం వేరే దేశానికి వెళ్లనవసరం లేదు. 2017లో ఆరంభమైన భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి విడత అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ప్రతి రోగికీ ఒక నమోదు, అందరికీ ఒకే క్రమంలో మందులు, దగ్గరి కేంద్రంలోనే నెల మాత్రలు, రానివారికి కబురు పంపడం దాని పద్ధతి. గుండెపోటు వచ్చినవారిని అదే నమోదులోకి తెస్తే, ఆస్పిరిన్, స్టాటిన్ అక్కడే ఇస్తే, బీపీ, పొగాకు, కాళ్ల వాపు, మిగిలిపోయిన మాత్రల లెక్క చూడడం నర్సు చేయగల పని. రెండో ఎకో ఎప్పుడో, రెండు మందుల్లో ఒకటి ఎప్పుడు ఆపాలో పెద్దాస్పత్రి వైద్యుడు ఇంటికి పంపే కాగితం మీదే తేదీతో రాయాలి. ఆరోగ్యశ్రీ కింద ఏ ఆస్పత్రిలో ఎన్ని స్టెంట్లు పడ్డాయన్న లెక్క ప్రభుత్వాల దగ్గర ఇప్పటికే ఉంది. స్టెంటు వేయించుకున్నవారిలో ఏడాదికి, మూడేళ్లకు, అయిదేళ్లకు ఎంతమంది బతికున్నారు, ఎంతమంది మందులు వాడుతున్నారు అన్న లెక్కను జిల్లాలవారీగా ఏటా ప్రకటించడం ఆ వివరాలతోనే మొదలుపెట్టవచ్చు.